కాయ ఏ చెట్టుదో అడగండి

అందరికీ నమస్కారం. నీళ్ల గురించి, ఎరువుల గురించి, మొక్కల మధ్య ఎడం గురించి పొద్దుటి నుంచి విన్నాం. వాటన్నిటికన్నా ముందు రావలసిన మాట విత్తనం.

నా చేతిలో ఉన్నది టేకు కాయ. పైన కాగితం బుడగలాంటి పొర, నలిపితే ఊడిపోతుంది. లోపల నూగు కప్పిన గట్టి పెంకు. పగలగొడితే నాలుగు గదులుంటాయి, అన్నింటిలోనూ గింజ ఉండదు. అందుకే నారు పోసేవాళ్లు రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, రోజుల తరబడి దీన్ని బతిమాలుతారు. ఇంత కష్టపడేవాళ్లు కూడా ఈ కాయ ఏ చెట్టుదో అడగరు. నా బాధంతా అదే.

టేకు పూత కొమ్మ కొసన వస్తుంది. నడిమి మాను కొసన తొలిపూత వచ్చిందంటే, నిటారు ఎదుగుదల అక్కడ ఆగి చెట్టు పంగ చీలుతుంది. ఆలస్యంగా పూసే చెట్టుకే పొడవైన మాను దక్కుతుంది. ఈ గుణం చాలావరకు వంశంలోనే వస్తుంది. మరి కాయలు ఎక్కువగా రాలేది ఏ చెట్టు కింద? త్వరగా పూసి, గుబురుగా కొమ్మలు వేసిన చెట్టు కింద. కిలోల లెక్కన కూలి ఇస్తే ఎవరైనా అక్కడే ఏరుతారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ మన గట్టు మీద పాతికేళ్లు నిలబడేది ఆ పంగల చెట్టు సంతానం. దూలం వస్తుందనుకున్న చోట పొట్టి దుంగలు వస్తాయి.

జామాయిల్‌లో ఈ తేడా మన కళ్ల ముందే తేలింది. భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లువారు 1989 నుంచి మేలైన చెట్లను ఎంచి, నరికిన మొదళ్ల నుంచి వచ్చిన పిలకలకు వేళ్లు తెప్పించి క్లోన్లు, అంటే తల్లి చెట్టు గుణాలే ఉన్న నకలు మొక్కలు, తయారుచేశారు. గింజ మొక్కల తోటల్లో హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్ల కలప వచ్చేది, మంచి క్లోన్లతో అది 20 దాటింది. అయితే ఒకే క్లోన్‌తో పొలమంతా నింపకండి. ఆకుల మీద బుడిపెలు కట్టించే చిన్న కందిరీగ వచ్చినప్పుడు కొన్ని క్లోన్లు బాగా దెబ్బతిన్నాయి.

టేకులో మేలైన విత్తన తోటలు ఉన్నా, వాటిలో కాపు తక్కువ. కాబట్టి వంకర చెట్లను ముందే నరికేసి, మంచివాటినే ఉంచిన విత్తన క్షేత్రాల కాయ కోసం అడగండి. ఆ నరకడం ముఖ్యం, ఎందుకంటే పురుగులు పక్క చెట్టు పుప్పొడిని కూడా మోసుకొస్తాయి. కేరళలోని నిలంబూరు టేకు అనగానే మురిసిపోకండి. 1840ల నుంచి తోటలు పెరుగుతున్న గొప్ప చోటే అది, కానీ అక్కడి వాన వేరు, మన ఎండ వేరు. గోదావరి లోయ అడవుల్లో మనకూ పేరున్న టేకు ఉంది.

ఈ సంచిలో రెండు చెట్ల కాయలు విడివిడిగా తెచ్చాను, వాటి మాను ఫొటోలు కూడా ఉన్నాయి. ముందు ఫొటోలు చూసి, మీ గట్టుకు ఏ కాయ కావాలో చెప్పండి.