పాత సీడీ 100 ఆయిల్ బోల్టు కారుతోందా? టేపు, పేస్టు, వాషర్లు అన్నీ వాడి చూశాను

నమస్కారం. చెన్నైలో, పెరంబూరులోని మా ఇంటి వరండా నుంచి మాట్లాడుతున్నాను. నా పక్కన ఉన్న బండి మా నాన్నగారు 1991లో కొన్న హీరో హోండా సీడీ 100. 97.2 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. ఈ ఇంజను అడుగున నూనె దింపడానికి ఒక బోల్టు ఉంటుంది. ఈ వీడియో అంతా ఆ ఒక్క బోల్టు గురించే. అది సరిగా మూయకపోవడం వల్ల నేను ఈ ఇంజనునే పోగొట్టుకోబోయాను కాబట్టి చెబుతున్నాను.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. రెండు రోజులు బండి ఆ నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక నూనె మట్టం చూసే పుల్ల, అదే డిప్ స్టిక్, లాగి చూస్తే నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. నీరు కలిసిందని అర్థం. అలాంటప్పుడు కిక్ కొట్టి చూడాలని చేయి ఊరుకోదు, కాలు ఊరుకోదు. దయచేసి కొట్టకండి, ముందు ఆ నూనె దింపేయండి. ఆ వారం ఏ వర్క్‌షాపు ముందు చూసినా బండ్ల వరుసలే. ఖాళీ దొరికిన చోట నూనె మార్పించుకుని వచ్చాను. నాలుగో రోజున వరండాలో నల్లటి చుక్కలు కనిపించాయి. మళ్లీ తీసుకెళితే బోల్టు మరలకు కుళాయిలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టి, గట్టిగా బిగించి ఇచ్చారు.

చుక్కలు ఆగాయి. నేనూ మరిచిపోయాను. రెండు నెలలకు ఇంజను తల దగ్గర ట్యాపెట్ చప్పుడు పెరిగింది. ఈ ఇంజనులో కాగితం ఫిల్టరు ఉండదు. కుడివైపు కవరు లోపల ఒక చిన్న జాలీ, క్రాంకు చివర తిరుగుతూ మురికిని పక్కకు నెట్టే గిన్నె లాంటి ఫిల్టరు, అంతే. కవరు విప్పి జాలీ బయటికి లాగితే దాని మీద తెల్లటి పీచు పేరుకుని ఉంది. బోల్టు చుట్టూ తెగిన టేపే అది! నూనె పంపు పీల్చుకునేది ఆ జాలీ గుండానే. అది మూసుకుపోతే ముందుగా నూనె కరవయ్యేది తలలో వాల్వులను తెరిచే క్యామ్‌కు, రాకర్లకు. ఆ పీచును చిమటాతో ఒక్కొక్కటిగా తీస్తున్నప్పుడు నాకు కడుపులో తిప్పినట్లయింది. ఈ బండి మీదే మా నాన్నగారు నన్ను బడికి తీసుకెళ్లారు.

అందుకే ఈసారి పని నేనే మొదటి నుంచి చేశాను. ఒక్కో పద్ధతినీ ఒక్కో వారం, పెరంబూరు నుంచి గిండీ ఆఫీసుకు వెళ్లి వస్తూ పరీక్షించాను.

అన్నిటికన్నా ముందు, కారేది నిజంగా బోల్టేనా? బోల్టు ఇంజనులో అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి పైన ఎక్కడ కారినా చివరికి దాని తల మీదికే వచ్చి వేలాడుతుంది. చైనును తిప్పే ముందు స్ప్రాకెట్ (పళ్లచక్రం) వెనక ఉన్న ఆయిల్ సీలు, గేరు లీవరు తిరిగే చోట ఉన్న సీలు, ఈ రెండూ పాత బండ్లలో సామాన్యంగా అరిగిపోతాయి. ఇంజను అడుగు భాగాన్ని పెట్రోలుతో కడిగి, బాగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. పది కిలోమీటర్లు నడిపి వచ్చి కిందికి వంగి చూడండి. పౌడరు ఎక్కడ తడిసిందో అక్కడే మొదలు. నా బండిలో స్ప్రాకెట్ వైపు పౌడరు పొడిగానే ఉంది. బోల్టు చుట్టూ మాత్రం చక్కగా ఉంగరంలా తడిసింది.

ఇప్పుడు ఈ బోల్టును దగ్గర నుంచి చూపిస్తాను. 12 మిల్లీమీటర్ల బోల్టు, తలకు 17 నంబరు స్పానర్. మరలు చూడండి, పై నుంచి కింది దాకా ఒకే లావు. పక్కన పెట్టింది నీళ్ల గొట్టం ముక్క. దాని మరలు చివరికి వచ్చేసరికి సన్నబడతాయి. బిగించేకొద్దీ అవి మేకులా ఇరుక్కుంటాయి, మిగిలిన సందును టేపు పూడుస్తుంది. గొట్టంలో నీటిని ఆపేది మరలే. మన బోల్టులో అలా కాదు. తిన్నని మరల మధ్య ఎప్పుడూ సన్నటి సందు ఉంటుంది, నూనె ఆ సందులోంచి బోల్టు తల దాకా వస్తూనే ఉంటుంది. దాన్ని అక్కడ ఆపేది తలకూ ఇంజనుకూ మధ్య నలిగే వాషర్. మరల పని ఆ వాషర్‌ను నొక్కి పట్టడం వరకే. దీన్ని మనసులో పెట్టుకుంటే ఏది ఎందుకు పనిచేస్తుందో మీకే తెలుస్తుంది.

టేపు సంగతి చూశారు. దానిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. టెఫ్లాన్ జారుడుగా ఉంటుంది. చేతికి అదే బిగువు తెలుస్తున్నా మరల మీద లాగుడు ఎక్కువవుతుంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం ఇంజను. తెగేది ఏదో చెప్పనక్కరలేదు.

సిలికాన్ పేస్టు వాడిన వారమంతా చుక్క పడలేదు. అయినా నేను దాన్ని వద్దంటాను. బిగించినప్పుడు బయటికి పొంగిన పేస్టు మనకు కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలికి పొంగినది కనిపించదు. అది గట్టిపడి, ఊడి, ఆ జాలీ దగ్గరికే చేరుతుంది.

మరలకు రాసే ద్రవం ఇంకొకటి ఉంది. గాలి తగలని చోట, లోహం మధ్య గట్టిపడేది. అది మంచి సరుకు, కానీ ఈ బోల్టుకు కాదు. మరలు నూనె లేకుండా శుభ్రంగా ఉంటేనే అది పట్టుకుంటుంది. ఇక్కడ రాత్రంతా కార్చినా తెల్లవారి ఇంకో చుక్క దిగుతూనే ఉంటుంది. పైగా ఇది తరచూ విప్పే బోల్టు. ఇంజను లోపల నూనె దారులను మూసే, తల లేని, ఎన్నడూ విప్పని బిరడాలు ఉంటాయి కదా, వాటికి అది వాడండి.

ఇక వాషర్ల దగ్గరికి వద్దాం. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అల్యూమినియం వాషర్ కొన్నాను. ఈ బోల్టుకు కంపెనీ పెట్టే రకమే అది. వేసి బిగించాను. తెల్లవారి చూస్తే కింద పరిచిన పేపరు మీద రెండు చుక్కలు! కొత్త వాషర్, సరైన బిగింపు, అయినా ఎందుకు కారిందో తెలియక ఆ పూటంతా దిగులుపడ్డాను. చివరికి ఫోను లైటు వేసి, చిన్న అద్దం పెట్టి చూస్తే బోల్టు రంధ్రం చుట్టూ సన్నటి అంచు కనిపించింది. ఇంజనులో భాగమని నేననుకున్నది పాత వాషర్! ఎప్పటిదో, నలిగి నలిగి ఇంజనుకే అతుక్కుపోయింది. దాని మీదే ఒకదాని తరువాత ఒకటి వేస్తూ వచ్చారు. మీ బండి కారుతుంటే ముందు ఇది చూడండి, గోరుతో గీసి చూడండి. స్క్రూడ్రైవరుతో పెకలించవద్దు, మెత్తటి అల్యూమినియం మీద పడిన గీత మళ్లీ నూనెకు దారి అవుతుంది. నేను వెదురు పుల్లను ఉలిలా చెక్కి, నెమ్మదిగా తీశాను. అరగంట పట్టింది. తరువాత అదే రకం కొత్త వాషర్ వేస్తే వారమంతా పేపరు తెల్లగా ఉంది.

రాగి వాషర్ కూడా బాగుంది. ఒకసారి నలిగితే రాగి గట్టిపడుతుంది, అలాగే మళ్లీ వేస్తే కారుతుంది. గ్యాస్ పొయ్యి మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేయండి, మెత్తబడుతుంది. ఉక్కును అలా చేస్తే గట్టిపడుతుంది, రాగికి ఆ గుణం లేదు. పైన పట్టిన నల్లటి పొరను సన్నటి ఎమరీ కాగితంతో తీసేయాలి. అల్యూమినియం వాషర్‌తో ఈ పని చేయకండి. అది 660 డిగ్రీలకే కరుగుతుంది, కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు కూడా.

లింగిచెట్టి వీధిలో డౌటీ వాషర్ తీసుకున్నాను. ఉక్కు ఉంగరం, లోపలి అంచుకు అతికించిన రబ్బరు. రబ్బరు చిన్న చిన్న గీతలను కూడా పూడుస్తుంది, ఉక్కు దాన్ని మరీ నలగనివ్వదు. వాషర్ ఆనే ఇంజను ముఖం మీద గీతలు పడి ఉంటే నా ఓటు దీనికే. కొనేటప్పుడు వేడి నూనెకు ఆగే రబ్బరేనా అని అడగండి, బోల్టును వెంట తీసుకెళ్లి దూర్చి చూసి కొనండి. నా బండికి మాత్రం అల్యూమినియం వాషర్‌నే ఉంచాను. ముఖం శుభ్రంగా ఉన్నప్పుడు అది చాలు. నూనె మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి, దాని ఖరీదు రెండు టీల డబ్బు కూడా కాదు.

బిగింపు విషయం. అల్యూమినియంలో ఈ పరిమాణం బోల్టుకు 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. నేను టార్క్ రెంచితో, అంటే బిగింపు ఎంతో కొలిచే స్పానర్‌తో, 25 దగ్గర ఆపాను. రెంచి లేనివారు పొట్టి స్పానర్ పట్టుకోండి, పిడికి గొట్టం తగిలించకండి. మొదటి నాలుగైదు చుట్లు తప్పనిసరిగా వేళ్లతోనే తిప్పండి, వంకరగా ఎక్కుతుంటే వేళ్లకే తెలుస్తుంది.

ఇప్పటికే మరలు తెగిపోయి ఉంటే, తనే మరలు కోసుకుంటూ ఎక్కే లావు బోల్టును కొట్టించవద్దు. అది వంకరగా ఎక్కుతుంది, రజను లోపల పడుతుంది. మంచి లేత్ షాపులో హెలికాయిల్, అంటే కొత్త మరలుగా పనిచేసే తీగచుట్ట, వేయించండి. మర కోసే ట్యాపుకు గ్రీజు పూయమని చెప్పండి, రజను దానికి అంటుకుంటుంది. ఆ తరువాత వేసే వాషర్ హెలికాయిల్ అంచును దాటి, గట్టి లోహం మీద కూర్చోవాలి. లేకపోతే ఆ తీగచుట్ట వెంటే నూనె దిగుతుంది.

ఇదిగో, నిన్న రాత్రి పరిచిన పేపరు. ఇప్పటికి 1,400 కిలోమీటర్లు తిరిగాను. మొన్న జాలీ మరోసారి తీసి చూశాను, పీచు లేదు. తదుపరి నూనె మార్పుకు కావలసిన వాషర్‌ను పక్క డబ్బాలో, పనిముట్ల సంచిలో వేసి ఉంచాను.