చెప్పులు విప్పే ముందు పది నిమిషాలు

శ్రోతలందరికీ నమస్కారం.

సెలవులు దగ్గర పడితే చాలు, మా ఇంట్లో ఒకటే గోల. సముద్రం దగ్గరికి వెళ్దాం, సముద్రం దగ్గరికి వెళ్దాం అని. మీ ఇంట్లోనూ ఇదే వరస అయి ఉంటుంది. వెళ్దాం, తప్పకుండా వెళ్దాం. కానీ ఏ ఒడ్డుకి? ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు ఏ బీచ్‌ని ఎంచుకోవాలి? ఈ పావుగంట ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్ల పొడుగు. అంత తీరంలో మనం ఒక చోటు ఎంచుకునేది ఎలాగంటే, ఫొటోలు చూసి. కొండ కనపడుతోందా, నీళ్లు నీలంగా ఉన్నాయా, గది దొరుకుతుందా, అంతే. పెద్దవాళ్లం మనమే వెళ్తే అది సరిపోతుంది. మూడేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్తే సరిపోదు. ఈ మాట నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. సూర్యలంక ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నాకు నేర్పారు. ముందు అది చెప్తాను.

అప్పటికి మా బాబుకి ఆరేళ్లు, పాపకి మూడు. డిసెంబర్ నెలాఖరు. విజయవాడలో చీకటితోనే రైలెక్కి, తెనాలి దాటి, బాపట్లలో దిగాం. మా ఆయన, నేను, పిల్లలిద్దరూ, మా అత్తగారు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాం. అక్కడికి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికే పిల్లలు ఆటోలో నిలబడిపోయారు. గాలి మారింది కదా, వాళ్లకి తెలిసిపోయింది.

సరుగుడు చెట్ల కింద దుప్పటి పరిచి, ఇడ్లీలు తినిపించి, నీళ్ల దగ్గరికి నడిచాం. అలలు మరీ పెద్దవేమీ కావు. అయినా పాప ఆ చప్పుడుకి భయపడి నా చీర పట్టుకుని వదల్లేదు. నేను చుట్టూ చూశాను. ఎడమ పక్క కొంచెం దూరంలో ఒక చోట అలలు విరగడం లేదు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో పది పదిహేను గజాల మేర నున్నగా, చెరువు నీళ్లలా ఉంది. ఇదే మంచి చోటు అనుకున్నాను. ఏ తల్లయినా అదే అనుకుంటుంది. పిల్లలిద్దరినీ అటు నడిపించాను.

కొంచెం పైన, పడవ నీడలో కూర్చుని ఒక పెద్దాయన వల అల్లుకుంటున్నారు. చేతిలో పని ఆపకుండానే పిలిచారు.

"ఏమ్మా, ఎటు తీసుకెళ్తన్నావు పిల్లల్ని?"

"అక్కడ అలలు లేవు కదా బాబాయ్, పాప భయపడుతోంది" అన్నాను.

ఆయన వల పక్కన పెట్టి లేచారు. ఎవరో తాగి పారేసిన కొబ్బరి బోండాం ఒకటి ఇసుకలో ఉంటే తీసుకున్నారు. "చూడు తల్లీ" అని దాన్ని ఆ నున్నటి నీళ్లలోకి విసిరారు. అందరం చూస్తూ నిలబడ్డాం. బోండాం కాసేపు ఊగింది. తర్వాత మెల్లగా మా నుంచి దూరంగా జరగడం మొదలుపెట్టింది. ఎవరూ నెట్టలేదు. గాలి ఒడ్డువైపే ఉంది. అయినా అది లోపలికి పోతోంది. మా బాబు వేళ్లు లెక్కపెడుతున్నాడు. వాడు నలభై అనేలోపే అది పెద్ద అలలు లేచే చోటు దాటిపోయింది.

ఆయన ఇంకో బోండాం ఏరి, ఈసారి అలలు విరుగుతున్న చోట విసిరారు. నురగలో దొర్లింది, మునిగింది, తేలింది. నాలుగో అలకి మా పాప కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

"వచ్చిన నీళ్లు ఎటో ఒక పక్క వెనక్కి పోవాలిగా తల్లీ. అది పోయే దారే నువ్వు చూసిన నున్నటి చోటు" అన్నారు.

ఆ రోజు నా ఒళ్లు చల్లబడిపోయింది. ఇప్పుడు చెప్తుంటే కూడా చేతులు చల్లబడుతున్నాయి. భయపడి ఏడుస్తున్న పిల్లని, ధైర్యం చెప్పి మరీ నేను తీసుకెళ్లింది ఆ చోటుకి.

దీన్నే రిప్ కరెంట్ అంటారు. విశాఖ వైపు వార్తల్లో ఈ మాట మీరు వినే ఉంటారు. జరిగేది ఆ పెద్దాయన చెప్పినదే. అలలు నీటిని ఒడ్డుకి తోస్తూనే ఉంటాయి. కొంచెం లోపల నీళ్ల కింద ఇసుక మిట్టలుంటాయి. మిట్ట మీద లోతు తక్కువ, అందుకే అల అక్కడ విరిగి తెల్లగా కనిపిస్తుంది. రెండు మిట్టల మధ్య సందుంటే, వచ్చిన నీళ్లన్నీ ఆ సందు వెంట లోపలికి పారతాయి. సందులో లోతెక్కువ, కాబట్టి అక్కడ అల విరగదు. పైనుంచి చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. కొన్నిసార్లు రంగు కూడా మారుతుంది, ఇసుకని మోసుకుపోతూ మడ్డిగానో, లోతు వల్ల ముదురుగానో. బాగా ఈతొచ్చిన మనిషికి కూడా దానికి ఎదురీదడం కష్టం. ఎవరైనా చిక్కుకుంటే ఎదురీదకూడదు. తేలుతూ, చెయ్యి ఎత్తి కేకేస్తూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ సందులోంచి బయటపడతారు. పెద్దవాళ్లకి ఇది చెప్పొచ్చు. మూడేళ్ల పిల్లకి ఏం చెప్తాం?

అందుకే నేను చెప్పేది ఒకటే. చెప్పులు విప్పే ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. అల ఎక్కడ విరుగుతోంది, ఎక్కడ విరగడం లేదు, నురగ ఎటు పోతోంది. చూడండి. ఒక్కరైనా స్థానికుల్ని అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మోటారు పడవలకి చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, వాటి పక్కన మనుషులూ ఉంటారు. అడిగితే కాదనేవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

ఇక బీచ్‌ల సంగతి. అన్నీ చెప్పేంత టైమ్ లేదు, నాకు బాగా తెలిసినవి చెప్తాను.

విశాఖలో రామకృష్ణా బీచ్ అందరికీ తెలుసు. సాయంత్రం పిల్లలతో నడవడానికి, కురుసుర జలాంతర్గామి లోపలికెళ్లి చూడడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ జలాంతర్గామి గొట్టాలు, చక్రాలు చూసి మా బాబు వారం రోజులు అదే మాట్లాడాడు. కానీ అక్కడ పిల్లల్ని నీళ్లలోకి దించకండి. ఒడ్డు త్వరగా లోతైపోతుంది, లాగుడు ఎక్కువ. ఏటా అక్కడ ప్రాణాలు పోతున్నాయి. నీళ్లలోకి దిగాలని ఉంటే, ఊరికి కొంచెం ఉత్తరాన రుషికొండ ఉంది. 2020లో దానికి బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అంటే నీళ్లు పరీక్షించి, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు ఉన్నాయా అని చూసి ఇచ్చే గుర్తింపు అది. పిల్లల తల్లిగా నేను ముందు అడిగేది మరుగుదొడ్డి గురించే. మూడేళ్ల పిల్ల "అమ్మా, వస్తోంది" అన్నప్పుడు సముద్రం ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం? అయితే రుషికొండలో కూడా లైఫ్‌గార్డు దిగమన్న చోటే దిగాలి. ఎర్రజెండా ఉంటే దిగకూడదు. గుర్తింపు ఉంది కదా అని అలలు ఊరుకోవు.

మచిలీపట్నం దగ్గర మంగినపూడి ఉంది. అక్కడ ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ. నీళ్లు నీలంగా ఉండవు, ఫొటో బాగా రాదు. తెల్లబట్టలు వేసుకెళ్తే మళ్లీ తెల్లబడవు. కానీ చాలా దూరం నడిచినా మోకాలి లోతే. చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే దాన్నే ముందు చెప్తాను. అందంలో వెనకబడ్డ బీచే పిల్లలకి ముందుంటుంది. సూర్యలంక కూడా నెమ్మదిగా లోతయ్యే ఒడ్డే. అయినా అక్కడే కదా నేను ఆ బోండాం చూసింది! నెమ్మదైన ఒడ్డులో కూడా ఆ రోజు నీళ్లు ఎటు పారుతున్నాయో ఆ రోజే చూడాలి. ఇసుక మిట్టలు కదులుతూ ఉంటాయి. పోయినసారి బాగున్న చోటు ఈసారి బాగుండకపోవచ్చు.

భీమిలిలో గోస్తనీ, కళింగపట్నంలో వంశధార, అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలుస్తాయి. ఆ కలిసే చోట్లు చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కళ్లారా చూడండి. నది నోటి దగ్గర మాత్రం పిల్లల్ని దించకండి. ఆటు సమయంలో నది నీళ్లూ, వెనక్కి తగ్గే సముద్రపు నీళ్లూ కలిసి లోపలికే లాగుతాయి.

ఎప్పుడు వెళ్లాలి అంటే, నా మనసుకి నచ్చినవి జనవరి, ఫిబ్రవరి నెలలు. తుపాన్ల కాలం పోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. పొద్దున్నే వెళ్లండి. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యోదయం పిల్లలకి కళ్లముందే కనిపిస్తుంది. సాయంత్రాలు మన ఒడ్డున త్వరగా చీకటి పడుతుంది. ఆరు దాటితే నీళ్లలో పిల్ల తల ఎక్కడుందో కనపడదు.

కార్తీక పౌర్ణమి గురించి కూడా ఒక మాట. సముద్ర స్నానం చేయాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ ఆ రోజు పౌర్ణమి, పోటు ఎక్కువ. తుపాన్ల కాలం ఇంకా పోలేదు. ఒడ్డు నిండా జనం. ఈ మూడూ ఒక్కరోజే. మా అత్తగారు పిల్లల్ని ఒడ్డునే కూర్చోబెట్టి, చెంబుతో సముద్రపు నీళ్లు తెచ్చి తలమీద పోసేవారు. "పుణ్యం అంతా ఇంతే నీళ్లలో ఉందిరా" అనేవారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది.

తెలంగాణలో ఉన్న శ్రోతలకి ఒక విన్నపం. మీరు రాత్రంతా కారు నడుపుకుని తెల్లారేసరికి ఒడ్డుకి చేరతారు. పిల్లలు నిద్రలేచీ లేవకముందే నీళ్లలోకి పరుగు. నడిపినాయన కళ్లు మూతలు పడుతుంటాయి, కాపలా ఉండాల్సింది కూడా ఆయనే. దయచేసి ముందు గంటసేపు పడుకోండి. ఇంకొకటి, మీ హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మన తీరాల్లో అలలు ఎంత ఎత్తున లేస్తాయో ముందుగానే చెప్పేది వాళ్లే. బయలుదేరే ముందు రోజు ఆ హెచ్చరికలు ఒకసారి చూసుకోండి. అలలు ఎక్కువ అంటే ప్రయాణం మార్చుకోండి. పిల్లలు ఒకపూట ఏడుస్తారు, అంతే.

కాపలా అన్నాను కదా. మా ఇంట్లో దానికి ఒక తువ్వాలు ఉంది. ఆకుపచ్చ అంచు పాత తువ్వాలు. అది ఎవరి భుజం మీద ఉంటే పిల్లల కాపలా వాళ్లది. వాళ్లు ఫోన్ చూడకూడదు, ఫొటోలు తీయకూడదు, పల్లీలు కొనడానికి వెళ్లకూడదు. వెళ్లాలంటే తువ్వాలు ఇంకొకరి భుజం మీద వేసి, "నీదే" అని చెప్పి వెళ్లాలి. ఎందుకంత పట్టుదల అంటే, ఒడ్డున ఎనిమిదిమంది పెద్దవాళ్లుంటే ప్రతివాళ్లూ మిగతా ఏడుగురు చూస్తున్నారనుకుంటారు. మునిగిపోయే పిల్ల సినిమాలో లాగా కేకలు వేయదు. చాలాసార్లు చప్పుడే రాదు. నోట్లో నీళ్లుంటే కేక ఎలా వస్తుంది? చెయ్యి చాపితే అందేంత దూరంలో మనిషి ఉండాలి. ఒడ్డున కూర్చుని చూడడం కాపలా కాదు.

గాలి నింపిన ట్యూబులు, రబ్బరు బాతులు సముద్రానికి తేకండి. అవి కొలనుల్లో బాగుంటాయి. పొద్దున పూట గాలి నేలమీదనుంచి సముద్రంవైపు వీస్తే, ట్యూబు పిల్లతో సహా జారిపోతుంది. బంతి నీళ్లలోకి పోతే దాని వెంట ఎవరూ పోకూడదని పిల్లలకి ముందే చెప్పండి. బంతి ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఇంతకీ, చిన్నపిల్లలకి లోపలికి వెళ్లాలని అంత కోరికేమీ ఉండదు. ఆ కోరిక మనది. మా పాప ఆ రోజు రెండు గంటలు తడి ఇసుకలో చిన్న గుంట తవ్వుతూ కూర్చుంది. అడుగునుంచి నీళ్లు ఊరితే, సముద్రం తన గుంటలోకి వచ్చిందని కేకలు. పీత ఒకటి బొరియలోంచి తొంగి చూసి లోపలికి పోతే, అది మళ్లీ వస్తుందని ఇంకో అరగంట. గుంట మాత్రం పిల్ల మోకాలి లోతు మించకుండా చూడండి, ఇసుక కూలుతుంది.

పోయిన సంక్రాంతికి మళ్లీ సూర్యలంక వెళ్లాం. మా అన్నయ్య పిల్లలు కూడా వచ్చారు, చిన్నదానికి నాలుగేళ్లు. మా పాప ఇప్పుడు పదో తరగతి. ఆ పెద్దాయన కోసం పడవల దగ్గర వెతికాను, కనపడలేదు. నేను వచ్చేసరికి మా పాప బోండాం తాగడం అయిపోయింది. ఖాళీది పట్టుకుని ఒడ్డు వెంట కొంత దూరం నడిచి, ఒకచోట విసిరింది. చిన్నది దాని చెయ్యి పట్టుకుని చూస్తోంది. ఒక అల, రెండు, మూడు. బోండాం దొర్లుకుంటూ వాళ్ల కాళ్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇక్కడ దిగొచ్చు" అని కేకేసింది. అప్పుడు నేను చెప్పులు విప్పాను.

సెలవు. నమస్కారం.