కొసలు సరే, అమీర్‌పేట సంగతేంటి?

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం ఈ ట్రాఫిక్‌లో ఇంతమంది వస్తారని అనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది. ముందుగా ఒక ప్రశ్న. ఇక్కడికి మన హైదరాబాద్ మెట్రోలో వచ్చినవాళ్లు చేతులెత్తండి. బాగుంది, సగం మందికి పైనే ఉన్నారు. అందులో అమీర్‌పేటలో రైలు మారినవాళ్లు ఎత్తిన చెయ్యి దించకండి. చూశారా, దాదాపు ఎవరూ దించలేదు. నేను ఈరోజు చెప్పాలనుకున్నదంతా ఈ చేతుల్లోనే ఉంది.

సిటీస్ స్కైలైన్స్ అని ఊళ్లు కట్టే కంప్యూటర్ గేమ్ ఒకటుంది, అందులో నేను మన హైదరాబాద్‌ను, మన మెట్రోను కడుతున్నాను. ఆ గేమ్ ఆడనివాళ్ల కోసం రెండు మాటలు. దాన్ని 2015 మార్చిలో ఫిన్లాండ్‌లోని కొలోసల్ ఆర్డర్ అనే సంస్థ తెచ్చింది. మనం రోడ్లు వేస్తాం, నీళ్లు, కరెంటు ఇస్తాం, ఎక్కడ ఇళ్లుండాలో ఎక్కడ ఆఫీసులుండాలో గీస్తాం. మిగతాది జనం చూసుకుంటారు. అక్కడ మనుషులకి ఒక ఇల్లు, చదువుకునేవాళ్లకి, పనిచేసేవాళ్లకి వెళ్లడానికి ఒక చోటు ఉంటాయి. ఒకర్ని క్లిక్ చేస్తే గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆఫీసు తలుపు దాకా వెనకాలే వెళ్లొచ్చు. వాళ్ల పేరు కూడా మార్చొచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

నేను హైదరాబాద్‌ను కట్టడం మొదలుపెట్టింది 2020 మార్చిలో. అంతకుముందు కట్టలేకపోయాను. కారణం చిన్నదే. అప్పటిదాకా మామూలు గేమ్‌లో మెట్రో అంటే సొరంగమే. మన మెట్రో మొత్తం పిల్లర్ల మీద నడుస్తుంది. పిల్లర్ల మీద మెట్రో సన్‌సెట్ హార్బర్ అనే అదనపు భాగంతో వచ్చింది. అది విడుదలైంది 2020 మార్చి 26న. అంటే దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మర్నాడు. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) వరకు పచ్చ లైన్ ఫిబ్రవరి 7నే మొదలైంది, మూడు లైన్లూ పూర్తయ్యాయని సంబరపడి నెలన్నర కాలేదు, రైళ్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ కదిలింది సెప్టెంబరులో. ఆ ఐదున్నర నెలలు బయట రైలు చప్పుడే లేదు. నేను వనస్థలిపురంలో మా ఇంటి డాబా గదిలో కూర్చుని మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక్కో పిల్లరూ పాతాను. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ పనే.

మొదటి చిక్కు స్థలం దగ్గర వచ్చింది. ఆ గేమ్‌లో మొత్తం మ్యాప్ 17.28 కిలోమీటర్ల చదరం. అందులో మామూలుగా మనకు దొరికేది కొంతే, 81 టైల్స్‌నూ, అంటే గళ్లనూ, తెరవాలంటే ఆటగాళ్లు తయారుచేసిన మాడ్ అనే అదనపు ప్రోగ్రామ్ వేసుకోవాలి. అన్నీ తెరిచాక కూడా ఊరు పట్టలేదు. మియాపూర్‌ను ఎడమ అంచుకు ఆనించి పెడితే ఎల్బీ నగర్ కుడి అంచు దాటి బయటికి వెళ్లిపోయింది. పటాన్‌చెరు, హయత్‌నగర్, శంషాబాద్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన ఊరు ఎంత పరుచుకుందో నాకు అప్పుడు నిజంగా తెలిసింది. చివరికి కొలతలన్నీ సగానికి కుదించి మళ్లీ మొదలుపెట్టాను.

మొదటి దశ అలా పూర్తయింది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎర్ర లైన్‌లో 27 స్టేషన్లు, నాగోలు నుంచి రాయదుర్గం దాకా నీలం లైన్‌లో 23, పచ్చ లైన్ ఒకటి. ఎర్ర లైనూ నీలం లైనూ కలిసేది అమీర్‌పేటలో. రైళ్లు చక్కగా నడిచాయి. ఇక పొడిగింపు మొదలుపెట్టాను. పొడిగింపు అనగానే అందరూ చేసేదే నేనూ చేశాను. ఎక్కడ లైన్ ఆగిందో అక్కడి నుంచి ముందుకు లాగాను. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్‌కి, మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి, రాయదుర్గం నుంచి కోకాపేటకి. కొత్త స్టేషన్ పెట్టగానే చుట్టూ ఇళ్లు లేవడం, జనం బిలబిలమంటూ మెట్లెక్కడం చూస్తుంటే కలిగే ఆనందం ఈ గేమ్ ఆడినవాళ్లకి తెలుసు. నేనైతే ఆ రాత్రి రెండింటి దాకా పడుకోలేదు.

మర్నాడు అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద మౌస్ పెట్టి చూశాను. ఎదురుచూసేవాళ్లు వందలు దాటారు. దగ్గరికి జూమ్ చేస్తే ప్లాట్‌ఫాం కనిపించడం లేదు, తలలే కనిపిస్తున్నాయి. రైలు వస్తోంది, నలుగురు దిగుతున్నారు, నలుగురు ఎక్కుతున్నారు, వెళ్లిపోతోంది. హయత్‌నగర్‌లోనే నిండిపోయిన రైలు అది, అమీర్‌పేటకి ఖాళీగా ఎలా వస్తుంది? కొసన ఒక్కో స్టేషన్ కలుపుతున్నప్పుడల్లా నేను మధ్యలో ఉన్నవాడి చోటు తీసి చివర ఉన్నవాడికి ఇస్తున్నాను. ఆ మాట గేమ్ నాకు చెప్పలేదు. కొసల దగ్గర అన్నీ పచ్చగానే చూపిస్తోంది. రైళ్ల సంఖ్య పెంచాను, కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ అదే కథ.

అప్పుడు కాగితం తీసుకుని లెక్కేశాను. ఈ లెక్క మీరూ ఇంటికెళ్లి వెయ్యండి, మెట్రో మ్యాప్ ఉంటే చాలు. మియాపూర్‌లో ఉన్న మనిషి రాయదుర్గంలో పనికి వెళ్లాలి. రోడ్డు మీద కొండాపూర్ నుంచి వెళ్తే దగ్గర దారే. మెట్రోలో అయితే మియాపూర్ నుంచి అమీర్‌పేటకి 10 స్టేషన్లు, అక్కడ మారి రాయదుర్గానికి 9. త్రిభుజానికి రెండు భుజాలూ తిరిగి రావడమన్నమాట. మూడో భుజం లేదు. ఇంకో జంట చూడండి. ఎల్బీ నగర్, నాగోలు. రెండూ చివరి స్టేషన్లే, మధ్యలో దూరం 5 కిలోమీటర్లు. మెట్రోలో మాత్రం ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటకి 16, అమీర్‌పేట నుంచి నాగోలుకి 13, మొత్తం 29 స్టేషన్లు. ఎంజీబీఎస్‌లో, పరేడ్ గ్రౌండ్‌లో రెండుసార్లు మారితే 23. ఎవరు వెళ్తారు? షేర్ ఆటో ఎక్కుతారు.

ఇక్కడే నా ఆలోచన తిరిగింది. పొడిగింపు అనే మాటలోనే ఏదో ఇబ్బంది ఉంది. తాడు పొడవు పెంచడం గురించే ఆలోచిస్తాం, ముడి ఎక్కడ బిగుసుకుంటోందో చూడం. నేను కోకాపేట లైన్‌ను అలాగే ఉంచి, మియాపూర్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా రాయదుర్గానికి ఒక చిన్న లైన్ వేశాను. పొడవులో పటాన్‌చెరు లైన్ కన్నా తక్కువే. కొత్తగా ఏ ఊరికీ మెట్రో రాలేదు, రిబ్బన్ కత్తిరించేంత పండగ కూడా లేదు. కానీ అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద నేల కనిపించింది. టైల్స్ రంగు కూడా కనిపించింది. ఇన్ని గంటల ఆటలో నాకు అంతకన్నా మంచి దృశ్యం లేదు.

ఇప్పుడు నిజం ఊళ్లోకి వద్దాం. 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించి కేంద్రానికి పంపిన రెండో దశ ప్రతిపాదనలో ఐదు కారిడార్లున్నాయి, మొత్తం 76.4 కిలోమీటర్లు. నాగోలు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 36.8, రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కి 11.6, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకి 7.5, మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి 13.4, ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్‌కి 7.1. ఇందులో చాలామంది విమానాశ్రయం లైన్ గురించే మాట్లాడతారు, విమానం గురించి మాట్లాడతారు. నాకు ఆ లైన్‌లో విమానాశ్రయం కన్నా ముందున్న భాగం నచ్చింది. అది నాగోలు నుంచి ఎల్బీ నగర్ మీదుగా చాంద్రాయణగుట్టకి వచ్చి అక్కడి నుంచి శంషాబాద్ వెళ్తుంది. అంటే నీలం లైన్ కొసనీ, ఎర్ర లైన్ కొసనీ, పాతబస్తీలోకి వచ్చే పచ్చ లైన్ కొసనీ ఒకే దారంతో కుడుతోంది. 29 స్టేషన్ల ప్రయాణం నాలుగైదు స్టేషన్లకి దిగుతుంది. అంతకుముందు 2022 డిసెంబరులో శంకుస్థాపన చేసిన విమానాశ్రయం లైన్ రాయదుర్గం నుంచి నేరుగా వెళ్లేది. ప్రభుత్వం మారాక దాన్ని పక్కన పెట్టారు. రాజకీయాలు నేను మాట్లాడను. నా సేవ్ ఫైల్‌లో రెండూ గీసి చూశాను. తూర్పు వైపు జనానికి నాగోలు నుంచి వెళ్లేదే మేలు చేసింది.

పడమర వైపు మాత్రం ఆ మూడో భుజం ఈ ఐదింటిలో లేదు. గతంలో బీహెచ్ఈఎల్ నుంచి గచ్చిబౌలి, మెహదీపట్నం మీదుగా లక్డీకాపూల్‌కి 26 కిలోమీటర్ల ప్రతిపాదన ఒకటుండేది. అది ఉంటే పడమటి జనం అమీర్‌పేట ముఖం చూడకుండానే పనికి వెళ్లిపోయేవాళ్లు. పటాన్‌చెరు, కోకాపేట, హయత్‌నగర్ మూడు కొసల నుంచీ కొత్త జనం వచ్చి దిగేది ఎక్కడ? మీరు ఇందాక ఎత్తిన చేతులే జవాబు. ఊరట ఒకటుంది. మన ప్లాట్‌ఫాంలు ఆరు కోచ్‌ల రైలుకు సరిపడా కట్టారు, నడుస్తున్నవి మూడు కోచ్‌లవి. రైలుకు ఇప్పుడు దాదాపు వెయ్యి మంది పడతారు. కోచ్‌లు రెట్టింపు చేస్తే ఆ జనం పడతారు. కానీ అమీర్‌పేటలో ఒక లైన్ మీద ఇంకో లైన్ ఉంటుంది కదా, ఆ రెంటి మధ్య మెట్లూ ఎస్కలేటర్లూ కోచ్‌లతోపాటు రెట్టింపు కావు. పొద్దున తొమ్మిదింటికి నేను రోజూ ఆ ఎస్కలేటర్ ముందు నిలబడతాను. ముందున్నవాళ్ల బ్యాగులు తప్ప ఇంకేమీ కనపడదు. పై నుంచి రైలు తలుపులు మూసుకునే బీప్ వినిపిస్తుంది, అందరి అడుగులూ ఒక్కసారి వేగం అందుకుంటాయి. ఆ టెన్షన్ గేమ్‌లో ఉండదు.

గేమ్‌లో లేనివి ఇంకా ఉన్నాయి, అవి చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. మామూలు గేమ్‌లో పొద్దున రద్దీ, మధ్యాహ్నం ఖాళీ అని ఉండదు, పగలంతా ఒకేలా నడుస్తుంది. క్యాలెండర్‌లో రోజు కొన్ని సెకన్లలో గడిచిపోతుంది కాబట్టి ఒక మనిషి ఆఫీసుకి చేరేసరికి అక్కడ రోజులు దాటిపోతాయి. అందుకని అందులో నిమిషాల లెక్కలు చూసి మోసపోకండి. మనిషి దారి ఎంచుకునేటప్పుడు సమయం చూస్తాడు, ప్లాట్‌ఫాం మీద రద్దీని చూడడు. ఇక బుల్డోజర్ బటన్. నేను శాలిబండ దగ్గర లైన్ గీస్తుంటే అడ్డొచ్చిన ఇళ్లు ఒక క్లిక్‌తో పోయాయి. డబ్బు కూడా పెద్దగా ఖర్చు కాలేదు. నిజంగా ఆ రోడ్డు మీద వెళ్తే తెలుస్తుంది, అది ఎంత ఇరుకు, ఆ దుకాణాలు ఎన్ని తరాలవి, మసీదులూ గుళ్లూ ఆషుర్‌ఖానాలూ ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. పచ్చ లైన్ మొదట్లోనే ఫలక్‌నుమా దాకా అనుకున్నది. 2020లో ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. ఆ ఐదున్నర కిలోమీటర్లు ఎందుకంత కష్టమయ్యాయో గేమ్ ఆడినంతకాలం నాకు అర్థం కాలేదు. ఒక ఆదివారం దారుల్‌షిఫా నుంచి ఫలక్‌నుమా దాకా నడిచాక అర్థమైంది. ఆ రోజు నుంచి నా హైదరాబాద్‌లో బుల్డోజర్ వాడే ముందు ఆ ఇంటిని క్లిక్ చేసి లోపల ఎంతమంది ఉన్నారో చూస్తున్నాను. గేమ్ ఆ సంఖ్య చూపిస్తుంది. చూసి ఊరుకోను, ముందు వేరేచోట అన్ని ఇళ్లు లేపి తర్వాతే కూలుస్తాను. చాలా నెమ్మదిగా సాగుతుంది. సాగనివ్వండి.

చాంద్రాయణగుట్టలో మా మేనత్త ఉంటుంది. గాంధీ ఆసుపత్రికి చూపించుకోవడానికి నెలనెలా వెళ్తుంది. ఇప్పుడు బస్సులో ఎంజీబీఎస్‌కి వచ్చి, పచ్చ లైన్ ఎక్కి, గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో దిగుతుంది. ఆ 7.5 కిలోమీటర్లు వస్తే ఒకటే రైలు. పోయిన దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు గర్వంగా ఆ లైన్ చూపించాను. గేమ్‌లో ఒక పెద్దావిడకి అత్తయ్య పేరు పెట్టి, ఇదిగో నువ్వే అని చూపించాను. అత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. రైలుని కాదు, తన పేరు పెట్టుకుని నడుస్తున్న మనిషిని చూసింది. ఇంటి నుంచి బయల్దేరి, సందు తిరిగి, పెద్ద రోడ్డు వెంట పోయి, ఇంకో కూడలి దాటి, వెనక్కి తిరిగి వచ్చి స్టేషన్ మెట్లెక్కింది. నేను మెట్లు రోడ్డుకి అవతలి వైపే దించాను, దాటడానికి దారి పెట్టలేదు. ఆ బొమ్మకి మోకాళ్లు నొప్పెట్టవు, కిలోమీటరన్నా నడుస్తుంది. అత్తయ్య అడిగింది, "అంత దూరం నడిపిస్తే నేను బస్సే ఎక్కుతాను కదరా?"

నాలుగేళ్లుగా రైళ్లు, ప్రయాణికులు, లైన్ల రంగులు చూశాను. మెట్లు ఎటు దిగాయో చూడలేదు. ఆ రాత్రి కూర్చుని ప్రతి స్టేషన్‌కీ రోడ్డుకి రెండు వైపులా కాలిబాటలు కలిపాను. కొన్ని స్టేషన్లలో ప్రయాణికులు అప్పటికప్పుడే పెరిగారు. కొత్త పట్టా ఒక్క మీటరు కూడా వేయలేదు. పాతబస్తీ లైన్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అని పేర్లు పెట్టే స్టేషన్లు ఆ కట్టడాలకు దెబ్బ తగలకుండా 500 మీటర్ల దూరంలో ఉంటాయని చెప్పారు. అలా దూరంగా ఉండటమే సరైనది. అయితే ఆ 500 మీటర్లు ఎలా ఉంటాయి? ఎండకి నీడ ఉంటుందా, బండ్ల మధ్యలోంచి అత్తయ్యలాంటివాళ్లు నడవగలరా? రైలు గీసేవాళ్లే ఆ బాట కూడా గీయాలని నా కోరిక.

సరే, తెర మీద నా సేవ్ ఫైల్ తెరిచాను. ఇది ఫలక్‌నుమా స్టేషన్. పిల్లర్లు లేచాయి, మెట్లు మాత్రం ఇంకా పెట్టలేదు, కావాలనే ఆపాను. ఇదిగో, ఈ వైపు బస్తీ, ఆ వైపు ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్. ఇక్కడ పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వెనక వరసలో అమ్మా, మీరు రండి. ఈ మౌస్ పట్టుకోండి. మీరైతే ఎటు నుంచి వస్తారో చెప్పండి, మెట్లు అటు దించుదాం.