తల్లిచెట్టు కింద మొక్కలెందుకు నిలవవు?

వానలు పడగానే బెంగళూరు చుట్టూ గుట్టల మీద విత్తన బంతులు విసురుతారు. మొక్కలు రాకపోతే ఒకటే మాట: "ఎలుకలు తినేశాయి, ఎలుకమందు పెట్టాలి." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

(స్క్రీన్ మీద: కన్నం పడ్డ చింతగింజ)

చింతచెట్టు కింద నేలని ఒక దర్శిని హోటల్ (బెంగళూరులో నిలబడి తినే చిన్న హోటల్) అనుకోండి. అక్కడ తిండి దొరుకుతుందని పురుగుకి, ఎలుకకి, బూజుకి ముందే తెలుసు. పెంకుపురుగు కాయ మీద గుడ్డు పెడితే, దాని పిల్ల గింజలోకి తొలుచుకుపోయి పప్పంతా తిని, చిన్న గుండ్రటి కన్నం చేసుకుని బయటపడుతుంది. తప్పించుకుని మొలిచినవాటిని కుళ్లు తెగులు పడుతుంది. అదే కోతి గుజ్జు చప్పరించి దూరంగా ఉమ్మేసిన గింజ? అది పార్సిల్! ఈ జనం దానికోసం అంతదూరం వెళ్లరు.

1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కానెల్ అనే ఇద్దరు జీవావరణ శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పింది ఇదే. తల్లి దగ్గర ఖాళీ అయిన జాగాలో వేరే జాతి లేస్తుంది. 2014లో వెలువడిన, మధ్య అమెరికా దేశం బెలీజ్‌లోని అడవి ప్రయోగంలో బూజుమందు కొట్టిన చోట మొలకల్లో జాతుల వైవిధ్యం తగ్గింది. గిరాకీని తరిమేస్తే మెనూలో ఐటమ్స్ తగ్గిపోయాయన్నమాట. (పోలిక సాగుతోంది, తెలుసు.)

మీ గుట్ట మీద తినేదెవరో తేల్చుకోండి. ముందు గింజల్ని నీళ్లలో వేసి తేలినవి తీసేయండి, లేకపోతే పురుగు తిన్నది ఎలుక ఖాతాలో పడుతుంది. మీటరు చదరం మడులు మూడు, ఒక్కోదాంట్లో 20 గింజలు. మొదటిది వదిలేయండి. రెండోదానికి పైన, చుట్టూ 1 సెం.మీ. కన్నుల వెల్డ్‌మెష్ (ఇనుప జాలీ), అంచు 20 సెం.మీ. లోతుకి పాతాలి, లేదంటే ఎలుక తవ్వుకుని వస్తుంది. మూడోదానికి అదే మెష్, అడుగున 10 సెం.మీ. ఖాళీ: ఎలుక దూరుతుంది, మేక దూరదు. పురుగునీ బూజునీ ఏ మెషూ ఆపదు. ఇలాంటి సెట్లు చెట్టు కింద ఐదారు, 30 మీటర్ల అవతల ఐదారు ఉండాలి. ఒక్క సెట్ చూసి తీర్పు చెప్పొద్దు.

టైమ్ లేదు, గబగబా రెండు ముక్కలు. వెదురు దశాబ్దాల పాటు పూయకుండా షట్టర్ దించేసి, ఒక్కసారే ఊరంతటికీ గింజలు వడ్డిస్తుంది. ఎలుకలు ఎంత తిన్నా ఇంకా మిగులుతుంది. అండమాన్‌లో బ్రిటిష్‌వాళ్లు వదిలిన చుక్కల జింకల కథ వేరు. వాటిని వేటాడే పులీ చిరుతా అక్కడ లేవు. దగ్గరా దూరం చూడకుండా లేత మొక్కల్ని మేసేస్తాయి, పార్సిల్ కూడా మిగలదు. అక్కడ కంచె కావాలి. ఇక్కడ ఎలుకమందు పెడితే, ఆ ఎలుకని తిన్న గుడ్లగూబ కూడా పోవచ్చు.