43 ఏళ్లకు గిటారు పట్టుకున్నాక

(తిరుపతి బైరాగిపట్టెడలో ఒక సాయంత్రం పాటల కార్యక్రమానికి ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, ఆఫీసు నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చి వెనక నిలబడిన వాళ్లకు.

నా మాటలయ్యాక మేం నలుగురం ఆరు పాటలు వాయిస్తాం. ఆరూ బీటిల్స్ పాటలే. మా సొంత పాట ఒక్కటీ లేదు. పోయిన వారం మా బ్యాంకులో ఒకాయన అడిగారు: "ఎవరో పాడేసిన పాటల్ని మళ్లీ మీరెందుకు పాడటం మేడం? ఫోన్‌లో నొక్కితే అసలుదే వస్తుంది కదా!" ఆయన వెటకారంగా అనలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. కౌంటర్ ముందు జనం ఉండటంతో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ఇప్పుడు మూడో వరసలో కూర్చున్నారు కాబట్టి చెబుతాను.

బీటిల్స్ ఎవరో తెలియని వాళ్లకు ఒక్క మాట. ఇంగ్లండులో లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురు. 1960లో ఆ పేరుతో మొదలై 1970లో విడిపోయారు. నేను వాళ్ల పాటలు మొదట విన్నది 1995లో, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో. మద్రాసు నుంచి వచ్చిన ఒక సీనియర్ అక్క దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ రెండు మూడు గొంతులు కలిసి ఒకే మాటను వేరువేరు స్వరాల్లో పట్టుకుంటే ఏమవుతుందో అప్పుడే మొదటిసారి విన్నాను. చదువైపోయింది, ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. పాటలు మాత్రం వింటూనే ఉన్నాను. పెద్దమ్మాయి హాస్టల్‌కు వెళ్లిన ఏడాది నాకు 43. సాయంత్రం ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది. గిటారు కొన్నాను.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, కొందామనుకునే వాళ్లకు పనికొస్తుంది. నాకు షాపులో ఇచ్చిన గిటారుకు తీగలు కర్ర నుంచి చాలా ఎత్తులో ఉండేవి. నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. మళ్లీ వెళ్లి అడిగితే, "కొత్తలో అంతేనండీ, వేళ్లు అలవాటు పడతాయి" అన్నారు. నాలుగు నెలలు ఏడుపొక్కటే తక్కువ. చివరికి రిపేరు చేసే ఒకాయన స్కేలు పెట్టి కొలిచారు. కర్ర మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని ఫ్రెట్లంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ కర్రకూ మధ్య 2, 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. నా దానికి 5 దాటింది. కింద తీగలు ఆనే సాడిల్‌ను ఆకురాయితో అరగదీసి అరగంటలో సరిచేశారు. ఆ రాత్రి నేను వాయించింది వేరే గిటారు అనిపించింది. ఇన్నాళ్ల నొప్పీ నాలో లోపం వల్ల అనుకున్నాను, అది సాడిల్ లోపం. కాబట్టి కొనేముందు వాయించడం వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి. కొన్నాక మన ఎండలకు కారులో వదిలేయకండి, జిగురు కరిగి, తీగలు బిగించిన బ్రిడ్జి లేస్తుంది.

సరే, అసలు కష్టం దగ్గరికి వస్తాను.

ఆరేళ్ల పిల్లకు చెవీ చెయ్యీ కలిసి పెరుగుతాయి. తను వాయించేది తనకు బాగానే వినిపిస్తుంది, సంతోషంగా వాయిస్తూ పోతుంది. మనకు అలా కుదరదు. ఇరవై ఏళ్లు మంచి పాట విన్న చెవి మనది. చెయ్యి మాత్రం మొన్న పుట్టింది. వేలు ఒక్క వెంట్రుకవాసి పక్కకు పడినా చెవి పట్టేస్తుంది. పెద్దయ్యాక మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే గిటారును కవర్లో పెట్టి అటక ఎక్కిస్తారు. "నాకు సంగీతం రాదు" అంటారు. అయ్యా, రాకపోతే తప్పు ఎలా వినిపిస్తోంది? మీ చెవి ముందు నడుస్తోంది, అంతే. చెయ్యి వెనకే వస్తుంది. దానికి టైమివ్వాలి.

కార్డు అంటే కొన్ని స్వరాల్ని ఒకేసారి పలికించడం. నా చెయ్యి ఎఫ్ అనే కార్డు దగ్గర ఆగిపోయింది. గిటారు తెలిసిన వాళ్లు అప్పుడే తలూపుతున్నారు. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్‌లో అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. మధ్యవేలు రెండో ఫ్రెట్‌లో మూడో తీగ మీద. ఉంగరపు వేలు మూడో ఫ్రెట్‌లో ఐదో తీగ మీద, చిటికెన వేలు దాని పక్కనే నాలుగో తీగ మీద. ఇవన్నీ పెట్టి మీటితే పాట రాదు, టప్ టప్ మని చెక్క మీద తట్టినట్టు వస్తుంది. పదకొండు వారాలు నాకు అదే వచ్చింది. మా వీధి చివర చర్చి క్వైర్‌లో గిటారు వాయించే కుర్రాడున్నాడు, డిగ్రీ చదువుతున్నాడు. మా వరండాలో నా అవస్థ చూసి ఒక రోజు లోపలికొచ్చాడు.

"ఆంటీ, ఫస్ట్ ఫ్రెట్‌తో కుస్తీ పట్టొద్దు. అయిదో ఫ్రెట్‌కి రండి."

"అక్కడ ఎఫ్ రాదు కదా బాబూ?"

"రాదు, ఎ వస్తుంది. ముందు చెయ్యికి ఆ షేప్ రానీండి. వారానికో ఫ్రెట్ కిందికి దిగండి."

కర్ర చివర తీగలు ఆనే పట్టీని నట్ అంటారు. దానికి దగ్గరగా ఉన్న కొద్దీ తీగ గట్టిగా ఉంటుంది, మధ్యలోకి వస్తే మెత్తబడుతుంది. ఇంకొకటి కూడా చూపించాడు. చూపుడు వేలిని బల్లపరుపుగా కాకుండా బొటనవేలి వైపుకు కొంచెం వాల్చాలి. వేలి లోపలివైపు కణుపుల మధ్య మెత్తగా ఉంటుంది, తీగ అందులోకి దిగిపోతుంది. పక్కన ఎముక తగులుతుంది, తీగ నిలబడుతుంది. అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. అయిదో వారం చివర, ఒక ఆదివారం పొద్దున, కుక్కర్ మూడో విజిల్ వేస్తుండగా ఆరు తీగలూ పలికాయి. స్టవ్ కట్టేసి మళ్లీ మీటాను. మళ్లీ పలికాయి.

ఆ బీటిల్స్ వాళ్లకు కూడా ఎవరో ఒకరు ఇలా చూపించారు. చిన్నప్పుడు వాళ్లకు బి7 అనే కార్డు తెలియదు. ఊరికి అటుపక్క ఎవరికో అది తెలుసని విని బస్సెక్కి వెళ్లి నేర్చుకొచ్చామని పాల్ మెకార్ట్నీ చాలాసార్లు చెప్పారు. ఒక్క కార్డు కోసం బస్సు ప్రయాణం! జాన్ లెనన్‌కు మొదట నేర్పింది వాళ్లమ్మ. ఆమెకు వచ్చింది బాంజో అనే వేరే తీగల వాయిద్యం, అందుకని కొడుకు గిటారు మీద బాంజో కార్డులే వాయించేవాడు. నలుగురిలో ఎవరికీ స్వరలిపి చదవడం రాదు. జార్జ్ హారిసన్ సంగతి నాకు మరీ ఇష్టం. 1966 నాటికి ప్రపంచమంతా తెలిసిన గిటారిస్టు. ఆ ఏడాది రవిశంకర్ గారి దగ్గర నేల మీద కూర్చుని, సితార్ ఎలా పట్టుకోవాలి, ఎలా కూర్చోవాలి అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాడు. అంత పేరున్న మనిషి మళ్లీ మొదటి పాఠం చెప్పించుకున్నాడు.

మూడో వరసలో ఉన్న మా కొలీగ్ ప్రశ్నకు వస్తాను. ఇంకొకరి పాట ఎందుకు?

1963లో వచ్చిన వాళ్ల మొదటి ఎల్పీలో 14 పాటలుంటే 6 ఇతరుల పాటలే. అంతకు ముందు జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి వాయించాల్సి వచ్చేది. అన్ని సొంత పాటలు ఎక్కడివి? అమెరికా నుంచి వచ్చిన రికార్డులు విని, చెవితో పట్టుకుని వాయించారు. వాళ్లకు బడి అదే.

మనకు ఇది కొత్త సంగతి కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు వాళ్ల బ్యాండు విన్నారు. ఆ బ్యాండు బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అలాంటివి సుమారు 40 దాకా ఉన్నాయి, నొట్టుస్వర సాహిత్యాలంటారు. ఇంగ్లీషు 'నోట్' అనే మాటే 'నొట్టు' అయింది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అదే రోజుల్లో వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. అంత పెద్ద వాగ్గేయకారుడు దారిన వినిపించిన బ్యాండు పాటను చిన్నచూపు చూడలేదు, తన గొంతుకు తెచ్చుకున్నారు. ఆయనకు మొదటి కీర్తన స్ఫురించిందని చెప్పే తిరుత్తణి 1960 దాకా మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ మాట ఎప్పుడు తలుచుకున్నా నాకు సంబరంగా ఉంటుంది.

ఈ ఊళ్లో పొద్దున లేస్తే వినిపించే అన్నమయ్య పాటల సంగతి చూడండి. రాగిరేకుల మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. అన్నమయ్య 1503లో వెళ్లిపోయారు, ఆయన పాడిన తీరు ఆయనతోనే పోయింది. ఈ రోజు మనం పాడుకునే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎందరో 20వ శతాబ్దంలో కూర్చి ఇచ్చినవి. ఇంకొకరి పాట మనకెందుకని వాళ్లనుకుని ఉంటే మనకు మిగిలేవి రేకులే.

మా పెదనాన్న పాకాల దగ్గర పల్లెలో చెనిక్కాయలు పండించే రైతు. ఆ వైపు ఊళ్లలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక ఏడు హార్మోనియం వాయించే ఆయన మంచాన పడ్డాడు. పెదనాన్నకు అప్పటికి 45 దాటాయి. హార్మోనియం మెట్ల మీద సున్నంతో చుక్కలు పెట్టుకుని, పద్యానికి ఏ చుక్క నుంచి ఏ చుక్కకు పోవాలో గుర్తుపెట్టుకుని నేర్చుకున్నాడు. సరళీ స్వరాలు ఆయనకు ఎవరూ చెప్పలేదు. సరళీ స్వరాలు అక్కర్లేదని నేను అనను, పిల్లలకు అదే సరైన దారి. పెద్దవాళ్లకు మాత్రం ముందు తమకు ప్రాణమైన పాట ఒకటి చేతికివ్వాలి. సాయంత్రం ఏడున్నరకు అలసిపోయి వచ్చిన మనిషిని అభ్యాసం పుస్తకం కుర్చీలో కూర్చోబెట్టలేదు, పాట కూర్చోబెడుతుంది. పెదనాన్న హార్మోనియం మా ఇంట్లోనే ఉంది. చుక్కలు చెరిగిపోయాయి, కొన్ని మెట్ల మీద తెల్లగా మరక ఉంది.

మా నలుగురి గురించి. కీబోర్డు అన్న రైల్వేలో రిటైరయ్యారు, 60 దాటాక నేర్చుకున్నారు. కహోన్ అనే ఈ పెట్టె మీద కూర్చుని వాయించే తమ్ముడికి మందుల షాపుంది. పాడే మేడం తెలుగు టీచర్. మొదటి నెల నలుగురం ఎవరిది వాళ్లం గట్టిగా వాయించుకున్నాం. ఫోన్‌లో రికార్డు చేసి వింటే సంతలో నిలబడినట్టుంది. అప్పటి నుంచి ప్రతి పాటా ముందు సగం వేగంలో, పక్కవాళ్లది వినిపించేంత మెల్లగా వాయిస్తున్నాం. ఒక పాట జి శ్రుతిలో ఉంది, మేడం గొంతుకు పైకి పోతోంది. డిలోకి దించాం. డిలో బి మైనర్ వస్తుంది, అదీ చూపుడు వేలు అడ్డం పెట్టేదే. సరేనని రెండో ఫ్రెట్‌లో కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, బిగించి సి కార్డులతో వాయిద్దామన్నాను. అప్పుడు మళ్లీ ఎఫ్ వచ్చింది.

"అక్కా, దాన్ని వదిలేసి పోదామా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు తమ్ముడు.

కీబోర్డు అన్న ఒప్పుకోలేదు. "వదిలేదేంది నాయనా? ఆ పాట మలుపు తిరిగేది ఆడే గదా! అది తీసేస్తే ఇంకేం ఉండాది?"

ఆయన చెప్పేదాకా ఆ పాటలో మలుపు ఉందని నాకు తెలియదు. దాదాపు పాతికేళ్లు విన్న పాట! తమ్ముడు ఇంకో పాటలో వెనకున్న చప్పట్లను పట్టుకోవడానికి మూడు ఆదివారాలు కూర్చున్నాడు, అవి బీటు మీద కాకుండా బీటు మధ్యలో పడుతున్నాయి. వింటున్నప్పుడు అవి మనకు వినిపించవు, పాటంతా కలిపి మీద పడుతుంది. వాయించాలని కూర్చున్న రోజు ఒక్కొక్కటీ విడివిడిగా బయటికొస్తుంది. సార్, ఫోన్‌లో అసలు పాట ఉండగా మేమెందుకు వాయిస్తున్నామంటే ఇందుకే. మాకు ఇష్టమైన ఇంట్లోకి ఇన్నాళ్లకు లోపలికెళ్లి, గది గదీ చూస్తున్నట్టుంది.

ఎవరో అడిగారు, ఇలా వాయిస్తే కేసు పడదా అని. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే మాలాంటి వాళ్లకు చోటుంది. ఔత్సాహికుల సంఘం డబ్బు తీసుకోకుండా వాయిస్తే అది ఉల్లంఘన కాదు. గుమ్మం దగ్గర టికెట్ లేనిది అందుకే.

రోజూ ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం మూడు గంటల కంటే అదే మేలు. గిటారు కళ్లెదురుగా ఉండాలి, కవర్లో కాదు. మొదటి మూడు వారాలు వేలి కొనలు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. రాత్రి రాని కార్డు మార్పు ఒక్కోసారి పొద్దున లేచాక వచ్చేస్తుంది, నిద్రలో చెయ్యి నేర్చుకుంటుంది. నేర్పే మనిషి మీకంటే పాతికేళ్లు చిన్నవాడైనా సరే, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మా క్వైర్ బాబు అదిగో, సౌండ్ దగ్గర నిలబడ్డాడు.

అన్న కీబోర్డు ఆన్ చేశారు. తీగలు శ్రుతి చేసుకోవడానికి రెండు నిమిషాలివ్వండి, ఈ ఫ్యాన్ల గాలికి మారిపోయి ఉంటాయి. మొదటిది డిలోకి దించిన పాటే. మూడో లైను చివర ఎఫ్ వస్తుంది.