బొగ్గు లెక్కలో లేని గెడ్డ

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచికి పోకుండా బొగ్గు గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

2018 డిసెంబరు ఆఖర్లో మన విశాఖ నుంచి నౌకాదళం డైవర్లు మేఘాలయ వెళ్లారు. సముద్రంలో మునిగేవాళ్లకి కొండల్లో ఏం పని? తూర్పు జైంతియా కొండల్లో క్సాన్ అనే చోట డిసెంబరు 13న ఒక బొగ్గు గనిలోకి నీళ్లు చొరబడ్డాయి. లోపల 15 మంది కూలీలు. దాన్ని గని అనడం కూడా పెద్దమాటే. కొన్నిచోట్ల మూడు వందల అడుగులకు పైగా నిలువుగా బావి తవ్వుతారు. అడుగున బొగ్గు పొర వెంట మనిషి పాక్కుంటూ పోయేటంత బొరియలు తొలుస్తారు. ఎలుక బొరియల గనులని పేరు. మన డైవర్లు కెమెరా ఉన్న యంత్రాన్ని నీళ్లలోకి దింపి వెతికితే, నెల దాటాక ఒక శవం కనిపించింది. చివరికి బయటికి తీయగలిగింది ఇద్దరినే. ఇలాంటి గనుల్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లోనే నిషేధించింది. అంటే నిషేధం వచ్చిన నాలుగున్నరేళ్ల తర్వాత జరిగిన ప్రమాదం ఇది.

మనుషులు పోతే పేపర్లో వస్తుంది. గెడ్డ పోతే రాదు. మన ఉత్తరాంధ్రలో కొండ మీంచి దిగే ఏరుని గెడ్డ అంటాం కదా, ఈవేళ నేను చెప్పబోయేది ముఖ్యంగా దాని గురించే. జైంతియా బొగ్గులో గంధకం ఎక్కువ. బొగ్గుతోపాటు ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. భూమి లోపల ఉన్నన్నాళ్లూ దాని జోలికి ఎవరూ పోరు, అదీ ఎవరి జోలికీ రాదు. తవ్వి బయటపెడితే గాలి, నీరు తగిలి గంధకామ్లం పుడుతుంది. ఆ నీరు గెడ్డలో కలిస్తే అడుగున రాళ్లు తుప్పు రంగుకి తిరుగుతాయి, చేపలు బతకవు. గని వదిలేసి అందరూ వెళ్లిపోయాక కూడా ఆమ్లం కారుతూనే ఉంటుంది. అక్కడి లూఖా నది చలికాలంలో ముదురు నీలంగా మారిపోతుంది. ఫొటోలో చూస్తే ఎంత అందంగా ఉంటుందో! నేనూ మొదట అలాగే అనుకుని మోసపోయాను.

ఇప్పుడు అమెరికాలోని అపలాచియన్ కొండలకి వద్దాం. వెస్ట్ వర్జీనియా, కెంటకీ రాష్ట్రాల్లో కొండలోకి సొరంగం తవ్వడం ఖరీదని, కొండ తలనే తీసేసే పద్ధతి పెట్టారు. ముందు అడవి నరుకుతారు. తర్వాత అమ్మోనియం నైట్రేటు, డీజిలు కలిపిన మందుతో పేలుస్తారు. కొన్నిచోట్ల వందల అడుగుల కొండ అలా పోయింది. బొగ్గు తీసుకున్నాక మిగిలిన రాయీ మట్టీ ఎక్కడ పోస్తారు? పక్క లోయలోకి తోసేస్తారు. లోయలో ఉండేది గెడ్డే. ఇలా పూడిపోయిన వాగుల పొడవు సుమారు రెండు వేల మైళ్లని అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థే లెక్క చెప్పింది. తవ్విన కొండని మళ్లీ దాదాపు పాత ఆకారానికి తేవాలని 1977లో చట్టం చేశారు. అదే చట్టంలో, చదునైన నేలని ఏ ఫ్యాక్టరీకో దుకాణాలకో వాడతామంటే తేనక్కర్లేదని వెసులుబాటూ ఇచ్చారు. చట్టాలు రాసేవాళ్ల తెలివి ఎక్కడైనా ఒకటే.

బొగ్గు కడిగిన నల్లటి బురదకీ చోటు కావాలి. గని వ్యర్థంతోనే లోయకి అడ్డుకట్ట వేసి దాని వెనక నిలవ పెడతారు. 1972 ఫిబ్రవరి 26 ఉదయం ఎనిమిది దాటాక వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ లోయలో అలాంటి కట్ట ఒకటి తెగింది. సుమారు 50 కోట్ల లీటర్ల నల్లనీరు వరసగా 16 ఊళ్ల మీద పడింది. 125 మంది చనిపోయారు, నాలుగు వేల మందికి పైగా ఇల్లు లేకుండా పోయారు. దానికి నాలుగు రోజుల ముందే ప్రభుత్వ తనిఖీదారు వచ్చి కట్ట బాగానే ఉందని రాసి వెళ్లాడు. కంపెనీ అది దేవుడి పని అంది. 2000 అక్టోబరులో కెంటకీలోని మార్టిన్ కౌంటీలో కట్ట తెగలేదు, చెరువు అడుగే ఊడింది. కింద ఉన్న పాత గనిలోకి బురద దిగి, అక్కడి నుంచి వాగుల్లోకి పోయింది. వంద కోట్ల లీటర్లకు పైనే. ఎవరూ చావలేదు గానీ, దిగువన వేలమందికి తాగునీళ్లు లేకుండా పోయాయి.

సరే, ఉద్యోగాలొచ్చాయి కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. వెస్ట్ వర్జీనియాలో 1940ల చివర తవ్వినంత బొగ్గునే 1990ల చివర కూడా తవ్వారు. మొదట్లో లక్షా పాతిక వేల మంది పనిచేశారు. తర్వాత ఆ పనికి ఇరవై వేల మంది చాలారు. మిగతాది మందుగుండు, ఇరవై అంతస్తుల ఎత్తున్న, మట్టి తోడే డ్రాగ్‌లైన్ యంత్రాలు చేశాయి.

మా పెదమావయ్య గోదావరిఖనిలో బాయి పని, అంటే బొగ్గు గనిలో పని చేసేవాడు. అక్కడ ఓపెన్‌కాస్టులు, అంటే నేలని పైనుంచే తవ్వే గనులు వచ్చాక ఊరి చుట్టూ ఓబీ గుట్టలు, అంటే బొగ్గు మీంచి తీసిన మట్టి గుట్టలు లేచాయి. "మాకు కొండల్లేవురా, కంపెనీ కట్టించింది" అనేవాడు. చదును నేలలో గని కొత్త కొండని లేపుతుంది, కొండల్లో ఉన్నదాన్ని కూల్చి గెడ్డ మీద పోస్తుంది. రెండూ చూసినవాళ్లకి తేడా తెలుస్తుంది. మట్టి గుట్ట వల్ల ఒక ఊరికి ఇబ్బంది, గెడ్డ పోతే దిగువ ఊళ్లన్నిటికీ.

మన ఏజెన్సీలో బొగ్గు లేదు. కానీ ఈ తగువు ఇక్కడిదే. అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏజెన్సీ భూమి బదలాయింపు చట్టంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడానని, కాబట్టి గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి లీజులివ్వడం కుదరదని చెప్పింది. ఆ తీర్పు మనకి పెద్ద అండ. అయితే మేఘాలయలో కథ వేరు. అక్కడ భూమి గిరిజనులదే. తవ్వించిందీ చాలాచోట్ల ఆ భూమి యజమానులే. అయినా నదులు చచ్చిపోయాయి. భూమి ఎవరిదన్నది తేల్చినంత మాత్రాన నీళ్ల సంగతి తేలదు. ఎందుకంటే చేపలు పోగొట్టుకున్న దిగువ ఊరివాడికి ఆ భూమిలో సెంటు కూడా ఉండదు. అతన్ని ఎవరు అడిగారు?

ఆ అనంతగిరి కొండల్లోనే గోస్తని పుడుతుంది. బొర్రా గుహల దగ్గర కింద పారుతూ మీరు చూసే ఉంటారు. అది తాటిపూడి జలాశయంలోకి వస్తుంది, అక్కడి నుంచి మన నగరానికి. అంటే దిగువ ఊరు మనదే.

మరో పక్క మనం బొగ్గు వాడేవాళ్లం కూడా. పరవాడలో సింహాద్రి కరెంటు ప్లాంటుకి ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్లలో వస్తుంది. ఉక్కుకి కావలసిన కోకింగ్ బొగ్గుని మన దేశం అమెరికా నుంచి కూడా కొంటోంది. అందులో చాలా భాగం అపలాచియన్ కొండల్లో తవ్వి నార్‌ఫోక్ రేవులో ఓడలకి ఎత్తేదే. అది మన దేశం రేవులో దిగేటప్పుడు కాగితాల మీద టన్నులు, బూడిద శాతం, తేమ శాతం, ధర అన్నీ ఉంటాయి. ఏ గెడ్డ మీద మట్టి పోసి తీశారో రాయడానికి గడి ఉండదు. ఆ గడి పెట్టించడం ఎలాగో నేను చెప్పేకంటే మీ దగ్గరే వినాలని ఉంది. వెనక వరసలో చాలాసేపటి నుంచి చెయ్యెత్తిన అమ్మాయి ఉంది, ముందు మైకు ఆమెకివ్వండి.