పాత ఎల్‌డీఎం నడుస్తుండగానే కొత్తది ఎక్కిద్దాం

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. వెనకాల వినిపిస్తున్న హోరు ఫ్యాన్‌ది కాదు, ఈ వర్క్‌స్టేషన్‌దే. మే నెల ఎండకు అది కూడా మూలుగుతోంది, ఏం చేద్దాం.

ఈరోజు పని ఎల్‌డీఎం, అంటే లోకల్ డేటా మేనేజర్. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, బౌల్డర్‌లో ఉన్న యూనిడేటా వాళ్లు తయారు చేసింది. వాతావరణ పరిశీలనలు, రాడార్ చిత్రాలు, మోడల్ అవుట్‌పుట్‌లు ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు వచ్చినవి వచ్చినట్టే పంపిస్తుంది. మన హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ గుర్తు తెచ్చుకోండి. పైన తూము ఎత్తితేనే మనకు నీళ్లు, మనం వదిలితేనే మన కిందివాళ్లకు. ఇక్కడా అంతే, పైదాన్ని అప్‌స్ట్రీమ్ అంటారు, కిందిదాన్ని డౌన్‌స్ట్రీమ్ అంటారు. వచ్చిన డేటా ముందుగా క్యూ అనే పెద్ద ఫైల్లో చేరుతుంది. అది మన చెరువు. నిండితే మరువ పారుతుంది. కాకపోతే చెరువులో పాత నీళ్లు, కొత్త నీళ్లు అని తేడా ఉండదు. క్యూలో మాత్రం అన్నిటికంటే పాతదే ముందు పోతుంది.

చాలామంది అప్‌గ్రేడ్ అనగానే చేసే మొదటి పని ఎల్‌డీఎంను ఆపేయడం. వద్దు, దాన్ని నడవనివ్వండి. కొత్త వెర్షన్ పక్కన ఇంకో ఫోల్డర్‌లో కూర్చుంటుంది, పాతదాన్ని ముట్టుకోదు.

ఎల్‌డీఎం యూజర్‌గా లాగిన్ అవ్వండి, రూట్‌గా (మిషన్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా) కాదు. హోమ్‌లో ఉన్న ఈటీసీ ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి. మీ సెట్టింగులన్నీ అందులోనే ఉంటాయి. సీ కంపైలర్, పెర్ల్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఉన్నాయో లేవో చూసుకోండి. కొత్త వెర్షన్ సోర్స్ కోడ్ విప్పి, ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోకి వెళ్లి, ఈ కమాండ్లు వరుసగా కొట్టండి: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. స్క్రీన్ మీద లైన్లు పరిగెడుతుంటాయి, మీరు కంగారు పడక్కర్లేదు.

ఆ తర్వాత సుడోతో, అంటే రూట్ అధికారంతో, మేక్ రూట్-యాక్షన్స్. దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఎల్‌డీఎం వాడే పోర్టు, అంటే నెట్‌వర్క్‌లో డేటా వచ్చిపోయే తలుపు నంబరు, 388. యూనిక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టు తెరవాలంటే రూట్ అధికారం కావాలి. ఈ కమాండ్ ఆ అధికారాన్ని కొత్త ప్రోగ్రామ్‌కు ఇస్తుంది.

ఇంతవరకూ పాతది నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఆపుదాం. ఎల్‌డీఎంఅడ్మిన్ స్టాప్. తర్వాత హోమ్‌లో రన్‌టైమ్ అనే సింబాలిక్ లింక్, అంటే ఇంకో ఫోల్డర్‌కు దారి చూపే గుర్తు, ఉంటుంది, చూడండి, దాని బాణం పాత ఫోల్డర్ వైపు ఉంది. ఆ లింక్‌ను తీసేసి, అదే పేరుతో కొత్త ఫోల్డర్‌కు లింక్ పెట్టండి. తర్వాత ఎల్‌డీఎంఅడ్మిన్ స్టార్ట్. కొత్తది మొండికేస్తే లింక్‌ను మళ్లీ పాత ఫోల్డర్‌కు తిప్పితే సరి. ఆపి, తిప్పి, మొదలుపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఎల్‌డీఎం చివరగా ఏ డేటా అందుకుందో గుర్తు పెట్టుకుని అక్కడి నుంచే అడుగుతుంది, మామూలు సెట్టింగ్‌లో గంట వెనక్కి దాకా. పైవాళ్ల క్యూలో ఆ డేటా ఇంకా ఉంటే మీకు ఏమీ పోదు.

మరీ పాత వెర్షన్ నుంచి వస్తున్నవాళ్లకు ఒక మాట. అప్పట్లో క్యూ సైజు వగైరా ఎల్‌డీఎంఅడ్మిన్-పీఎల్ డాట్ కాన్ఫ్‌లో రాసేవాళ్లం. ఇప్పుడవి రిజిస్ట్రీ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి, రెగ్‌యుటిల్ కమాండ్‌తో మార్చాలి.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. పీక్యూఆక్ట్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో ఏ డేటాను ఏం చేయాలో రాస్తాం. అందులో ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉండాల్సింది ట్యాబ్, స్పేస్ కాదు. నేను పాత ఫైల్లోంచి నాలుగు లైన్లు మౌస్‌తో కాపీ చేసి అతికించా. ట్యాబులన్నీ స్పేసులైపోయాయి. కంటికి రెండూ ఒకటే! క్యూలోకి డేటా వస్తోంది, డిస్క్ మీద ఒక్క ఫైలూ లేదు. పొద్దున కూర్చున్నవాణ్ణి దీపాల వేళకు గానీ లేవలేదు, అంత టెన్షన్. ఎల్‌డీఎంఅడ్మిన్ పీక్యూఆక్ట్‌చెక్ అని కొట్టి ఉంటే అప్పుడే తెలిసేది. స్టార్ట్ చేసే ముందు మీరు కొట్టండి.

కరెంటు పోయే ఊళ్లో ఉన్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతే, క్యూలోకి రాస్తున్న ప్రోగ్రామ్ సరిగ్గా మూసుకోలేదని తర్వాత తేలుతుంది, ఎల్‌డీఎం మొదలవనంటుంది. అప్పుడు ఎల్‌డీఎంఅడ్మిన్ డెల్‌క్యూ కొట్టి పాత క్యూ తీసేయండి, ఆ వెంటనే ఎల్‌డీఎంఅడ్మిన్ ఎంకేక్యూతో కొత్తది చేయండి. క్యూలో ఉన్నది పోతుంది, దానికి విచారించకండి. యూపీఎస్ ఉంటే ఈ గొడవే లేదు.

సరే, స్టార్ట్ కొట్టా. వస్తున్న డేటా కనిపించడానికి ఎల్‌డీఎంఅడ్మిన్ వాచ్ పెడదాం... ఇంకా ఏమీ లేదు... అదిగో, పడింది మొదటి లైన్. టైమ్ 09:12 అంటోంది, గోడ గడియారంలో 2:42. తప్పేం కాదు, అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం, మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోండి. కానీ మిషన్ గడియారమే తప్పుగా ఉంటే మాత్రం ఎంత వెనక్కి అడగాలో ఎల్‌డీఎంకు లెక్క తప్పుతుంది, కాబట్టి నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ నడుస్తోందో లేదో చూసుకోండి.

లైన్లు వరుసగా పడుతున్నాయి. పాత ఫోల్డర్‌ను ఓ వారం అలాగే ఉంచండి. నేను టీ తాగొస్తా.